మచ్చ మీద పచ్చబొట్టు

“రేపు పొద్దుగాల ఏడింటికి బండి తయారుంటది. జనగామ పోతున్నం. ఇగ దీని మీద పంచాయితీ లేదు,” అన్నాడు వెంకట్రాం.

రుక్మిణి టీ గిన్నె దించి స్టవ్వు ఆపేసింది.

“నేను జనగామ రాను. హైదరాబాద్ పోత. డాక్టరు చెప్పింది గదే గద.”

“ఏ డాక్టరు? హన్మకొండల గా పోరడా? వానికి మీసాలు గుడ సక్కగ మొలవలే. మిషను నడుప చేతగాక హైదరాబాద్ పొమ్మన్నడు.”

“చేతగాక కాదు. ఎందుకు పొమ్మన్నడో నువ్వు గుడ ఇన్నవ్. నా పక్కనే కూసున్నవ్.”

వెంకట్రాం విన్నాడు. కాని తనకు పనికిరాని మాటను విననట్టు ఉండిపోవడం ఆయనకు పుట్టుకతో వచ్చిన విద్య. ఇన్నేళ్ళుగా మండలంలో రాజకీయం నడిపిస్తున్నది ఆ విద్యతోనే. ఇప్పుడు దాన్నే ఇంట్లో వాడుతున్నాడు.

“చాయ్ ఇయ్యి,” అన్నాడు.

నిన్న హన్మకొండలో ఏం జరిగిందో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఒప్పుకునేవాళ్ళే లేరు.

రుక్మిణి నొసటి మీద, రెండు కనుబొమల నడుమ, కిందటి కార్తీకంలో చర్మ క్యాన్సర్ కోసి తీసేశారు. ఏళ్ళ తరబడి మానని చిన్న పుండు అది. స్టిక్కరు బొట్టు పడలేదని ఇంట్లోవాళ్ళు, ఎండ పొక్కని ఊళ్ళోవాళ్ళు అంటూ వచ్చారు. ఆమె కూడా నిజమే కాబోలు అనుకుని దాని మీదే ఇంకాస్త పెద్ద స్టిక్కరు అంటించుకుని తిరిగింది. హైదరాబాదులో కోసినాక పైనుంచి చర్మం జరిపి కుట్టారు. గాయం మానింది గాని నిలువునా ఎర్రటి గట్టి మచ్చ మిగిలింది. ఎడమ కనుబొమ కొంచెం మధ్యకు లాగినట్టయింది. కొన్ని నెలలు ఆగి లేజరు పెట్టిస్తే మచ్చ మెత్తబడుతుందని, ఎరుపు తగ్గుతుందని కోసిన డాక్టరే చెప్పాడు. నడుమ నడుమ వచ్చి చూపించుకోమని కూడా చెప్పాడు. ఆ రెండో మాట ఈ ఇంట్లో ఎవరి చెవికీ ఎక్కలేదు.

అంతలో శివరాత్రి వచ్చింది.

బొట్టు లేని ముత్తైదువ కండ్ల ముందు తిరుగుతుంటే అత్త గట్టమ్మకు అన్నం సయించడం లేదట. కుంకుమ పెట్టుకుంటే మచ్చ మండుతోంది. స్టిక్కరు అంటించవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. దీనికి గట్టమ్మ కనిపెట్టిన ఉపాయం పచ్చబొట్టు. మండదు, ఊడదు, చచ్చినా వెంటే వస్తుంది. కురవి జాతరకు కోడలిని వెంటబెట్టుకు పోయి, వీరభద్రస్వామి దర్శనమయ్యాక, బ్యాటరీ మిషనుతో పచ్చబొట్లు పొడిచేవాడి ముందు కూర్చోబెట్టింది.

“గిక్కడ, గీ గాటు మీదనే పొడువు,” అని వేలు పెట్టి చూపించింది.

వాడి దగ్గర ఒకటే రంగు గిన్నె, ఒకటే గుడ్డ. ముందరి మనిషి చేతి మీది రక్తం తుడిచిన గుడ్డతోనే రుక్మిణి నొసలు తుడిచాడు. ఆ గుడ్డ తడి, అందులోని పులిసిన చెమట వాసన ఆమెను ఇప్పటికీ వదల్లేదు. లేచి రావలసింది. కాని ఒక పక్క అత్త, వెనక భర్త, చుట్టూ జనం. నలుగురిలో రభస ఎందుకని కళ్ళు మూసుకుంది.

నిన్న లేజరు కోసం పోతే ఆ హన్మకొండ డాక్టరు దీపం దగ్గరికి జరిపి, భూతద్దం పెట్టి చూసి, ఒక్కసారి వెనక్కి వాలాడు.

“మచ్చ మీద పచ్చబొట్టు పొడిపించారా! ఎవరు చెప్పారమ్మా మీకు?”

వెంకట్రాం గోడ మీది క్యాలెండరు చూశాడు.

“ఈ రంగు లేజరు వెలుగును పట్టుకుంటుంది. మచ్చకని పెడితే చర్మం కాలుతుంది. అదొక్కటే అయితే వేరే దారి చూసేవాణ్ణి. కాని ఈ రంగు కింద ఏముందో నాకు కనిపించటం లేదు. ఇక్కడ, అంచున, చిన్న పుండు ఉంది చూశారా? ఎన్నాళ్ళ నుంచి?”

“హోలీ పోయినంక సంది సారూ. ఎప్పుడూ తడి తడిగ ఉంటది. తువ్వాలకు అంటుకుంటది.”

“ఇంట్లో చెప్పలేదా?”

“చెప్పిన. చెమట అన్నరు.”

డాక్టరు వెంకట్రాం వైపు తిరిగి ఒక్కొక్క మాటా విడదీసి చెప్పాడు. “జబ్బు మళ్ళీ వచ్చిందని నేను అనను. రాలేదని కూడా అనలేను. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి. కోసిన డాక్టరు దగ్గరికే వెంటనే వెళ్ళండి. అది తేలేదాకా ఎవరి చేతా లేజరు పెట్టించొద్దు. పైన కాలి నున్నగా కనబడుతుంది. లోపల జబ్బుంటే అది లోపలే పెరుగుతుంది. మనకు తెలిసేసరికి ఆలస్యమైపోతుంది.”

ఇంతకంటే తెలుగులో చెప్పడం ఎవరి తరమూ కాదు. అయినా మహబూబాబాద్‌లో ఇంటికి చేరేలోగా వెంకట్రాం కారులోనే నలుగురికి ఫోన్లు కొట్టి, జనగామలో ఒక బ్యూటీ సెంటర్ పట్టుకున్నాడు. అక్కడ పచ్చబొట్టూ మచ్చా రెండూ ఒకే విడతలో మాయం చేస్తారట. పరీక్షలు గిరీక్షలు అడగరట.

రుక్మిణి ఆయన మాట వినకుండా హైదరాబాదుకు ఫోన్ చేసి, రేపు మధ్యాహ్నం రమ్మనిపించుకుంది. ఇంట్లో నిన్నటి నుంచి పొయ్యి మీద కంటే మనుషుల్లోనే మంట ఎక్కువగా ఉంది.

“ఏందిరా లొల్లి? సుట్టాలు వచ్చే యాల్లకు గిదేనా?” అంటూ గట్టమ్మ వంటింటి గడప దగ్గరికి వచ్చి ఆగింది. కోడలి ఆపరేషను అయినప్పటి నుంచి ఆమె ఆ గడప దాటి లోపలికి రాదు. కోడలు తాగే గ్లాసును వేరే పెట్టించింది, తువ్వాలను వేరే తీగ మీద ఆరేయించింది. అంటుకునే జబ్బు కాదని డాక్టరు ఎంత చెప్పినా, “ఎవలు చూసిండ్రు?” అనేది ఆమె జవాబు. వెంకట్రాం మంచం కూడా ఆ రోజుల్లోనే హాల్లోకి మారింది. పంకా గాలి అక్కడ బాగా వస్తుందట.

“అత్తమ్మా, నాకు ఎవలతోని లొల్లి లేదు. రేపు దవాఖానకు పోత, అంతే.”

“మనుమని పెండ్లి ముంగట పెట్టుకొని దవాఖానంటవా? పిలగాని తల్లి నొసట పట్టీ కట్టుకొని పీటల మీద కూసుంటదా? నలుగురు ఏమనుకుంటరు?”

“చచ్చి కూసుంటే ఏమనుకుంటరో గది గుడ చెప్పు.”

“చూసినవారా? చూసినవా నోరు?” గట్టమ్మ ఒంటికాలి మీద లేచింది. “బొట్టు లేకుంట ముండమోసినట్టు తిరుగుతుంటె, నా కొడుకు పానం కోసమని బొట్టు పెట్టిపిచ్చిన. గిప్పుడు నేను పాపాత్మురాలినైన!”

కొడుకు ప్రాణం! ఇక్కడ పుండు ఎవరి మొహాన ఉందో, ప్రాణం ఎవరికి అవసరమో రుక్మిణికి ఒక్క క్షణం అర్థం కాలేదు. ఆ ముసలామె తన చేతి మంచినీళ్ళు ముట్టదు గాని, తన నొసటి మీద మాత్రం వేలు పెట్టి చూపిస్తుంది. రోత పుట్టింది.

టీ గ్లాసు భర్త ముందు ఠక్కున పెట్టి బయటకు వెళ్ళిపోయింది.

పెరట్లో నిలబడి తమ్ముడు శశిధర్‌కు ఫోన్ చేసింది. అతనిది భూపాలపల్లి జిల్లా రేగొండ, ఆమె పుట్టిల్లు. చిన్నప్పుడు ఆమె చంకలో పెరిగినవాడు.

“తమ్మీ, రేపు నాతోని హైదరాబాద్ దాక రారాదురా?”

విషయమంతా చెప్పింది. అవతల పొలం మోటారు చప్పుడు వినిపిస్తోంది.

“అక్కా, బావ మాట ఇను. పెండ్లి గండం గట్టెక్కనీ. గిప్పుడు మల్ల గా రోగమని బయటికి పొక్కితె మంచిగుంటదా? మనింట్ల గా నెత్తురున్నదంటరు. నాకు గుడ ఆడపిల్ల ఉన్నది గదనే. దాన్ని ఎవలు చేసుకుంటరు?”

“ఎండకు వచ్చిందని చెప్పిండ్రు గదరా. నా రోగానికి నీ బిడ్డకు ఏం సంబంధం?”

“నాకు ఎరుకే అక్కా. జనానికి ఎట్ల చెప్తం?”

రుక్మిణి ఫోన్ పెట్టేసింది. జనం, జనం. ఈ జనమంటే ఎవరో, ఎక్కడుంటారో ఒక్కరైనా చూపిస్తే బాగుండును. వాళ్ళ కాళ్ళు కడిగి నీళ్ళు నెత్తిన చల్లుకుంటుంది.

“అమ్మా.”

కొడుకు అజిత్. స్నానం చేసి కొత్త చొక్కా వేసుకున్నాడు. జనగామలో బ్యాంకు ఉద్యోగం. అక్కడే మేఘనను చూసి, తానే ఇష్టపడి, ఇరువైపులా ఒప్పించుకున్నాడు. ఇవాళ మేఘన, ఆమె తల్లి గీతాంజలి చీరె పెట్టి బొట్టు పెట్టడానికి వస్తున్నారు. అది అయితే లగ్నం రాసుకోవడమే.

“బాపుతోని నేను మాట్లాడుత. నువ్వు రేపు హైదరాబాదే పో,” అన్నాడు మెల్లగా.

రుక్మిణికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈ ఇంట్లో ఒక్కడైనా ఉన్నాడు అనుకుంది.

“గని ఒక్క మాటమ్మా. గియ్యాల వాళ్ళ ముంగట ఏం అనకు. బాపు వాళ్ళకు నువ్వు బాత్రూంల జారిపడ్డవని చెప్పిండు గద. గట్లనే ఉండనీ. పెండ్లి అయినంక మేఘనకు నేనే చెప్త.”

“ఇప్పుడు చెప్తే ఏమైతదిరా?”

“వాళ్ళమ్మ సంగతి నీకు తెల్వదు. ఎవలన్న తుమ్మినా చేతులు కడుక్కుంటది. జర నా కోసం, అమ్మా.”

ఆపరేషను నాడు హైదరాబాదు దవాఖానలో వీడే తోడున్నాడు. మత్తు దిగక తాను కక్కుతుంటే గిన్నె పట్టుకున్నాడు. మంచం కింద చాప వేసుకుని పడుకున్నాడు. అలాంటివాడు అడిగితే కాదనడానికి ఆమెకు నోరు రాలేదు. సరేనని తల ఊపింది.

పదకొండు కాకముందే కారు వచ్చింది. గీతాంజలి దిగుతూనే కలుపుగోలుగా నవ్వింది. ఆమె భర్త భూపాలపల్లి బొగ్గుగనుల్లో సూపర్‌వైజరు. సెలవు దొరకలేదని రాలేదు. మేఘన వెనక నుంచి పండ్ల తట్ట పట్టుకుని దిగి, వంగి రుక్మిణి కాళ్ళకు దండం పెట్టింది.

“మంచిగున్నరా అత్తమ్మా? మచ్చ ఇంక నొస్తున్నదా?” అని అడిగింది. అబద్ధం విని అడిగినా ఆ ఇంట్లో అలా అడిగిన మొదటి మనిషి ఆ పిల్లే.

“బాత్రూంల నల్లా గట్టిగ తాకింది బిడ్డా,” రుక్మిణి బదులు వెంకట్రామే చెప్పేశాడు. “రేపు లేజరు పెట్టిపిస్తున్న. పెండ్లినాటికి మీ అత్త పెండ్లిపిల్ల లెక్క అయితది.”

అందరూ నవ్వారు. రుక్మిణి ఆయన పళ్ళ వైపు చూసింది. ఇంత తేలికగా అబద్ధం ఆడగలిగే మనిషి పక్కన ఇన్నేళ్ళు ఎలా అన్నం తిన్నానా అనిపించింది.

సోఫాలో కూర్చోబెట్టారు. గట్టమ్మ వియ్యపురాలి పక్కనే కూర్చుని, తన కోడలి నొసటి పచ్చబొట్టును బంగారు నగలా చూపించింది. “కురవి జాతరల పొడిపిచ్చిన. గీ కాలపు ఆడోళ్ళు ఎవలు పొడిపిచ్చుకుంటరు? నా కోడలు నా మాట జవదాటదు.”

“మా అమ్మకు గుడ ఉండె వదినా,” అంది గీతాంజలి రుక్మిణి వైపు తిరిగి. అప్పుడే పళ్ళెంలో పసుపు, కుంకుమ, చీరె సర్దుకుని లేచింది. “రండి, బొట్టు పెడుత.”

రుక్మిణి నొసటికి చేయి అడ్డం పెట్టుకుంది. “నొసట వద్దు వదినా. జర పచ్చిగున్నది. మెడ కాడ పెట్టు చాలు.”

“గదేం మాట? శుభమని వాళ్ళు వస్తే!” గట్టమ్మ గదిమింది. “నొసటనే పెట్టు బిడ్డా. ఏం కాదు.”

“పెట్టించుకో,” అన్నాడు వెంకట్రాం. గొంతు మెత్తగా ఉంది. చూపు మెత్తగా లేదు.

అజిత్ వైపు చూసింది. అతను ఫోను చూసుకుంటున్నాడు.

గీతాంజలి చేయి బరువైన చేయి. కుంకుమ చిటికెడు తీసుకుని, బొటనవేలు పచ్చబొట్టు మీద ఆనించి, గట్టిగా అదిమి, పైకి గీసింది. రుక్మిణికి కళ్ళు బైర్లు కమ్మాయి. పుండు పైపొర లేచిపోవడం ఆమెకు తెలిసింది. పళ్ళు బిగపట్టి చీరె అందుకుంది.

ఏదో వెచ్చగా, నెమ్మదిగా ముక్కు మీదికి దిగింది.

“అగో! కుంకుమ ముక్కు మీద రాలింది!” గట్టమ్మ చప్పట్లు కొట్టింది. “మొగనికి దాని మీద ఎంత పానం చూడుండ్రి!”

గీతాంజలి పకపకా నవ్వింది. వెంకట్రాం సిగ్గుపడ్డట్టు తల వంచుకుని మీసం సవరించుకున్నాడు. రుక్మిణి ఆ మీసం వైపే చూస్తోంది. తన నెత్తురు తన పెదవి దాకా వచ్చింది. దాని ఉప్పు నాలుకకు తగిలింది. వీళ్ళు దాన్ని చూసి మురుస్తున్నారు.

నవ్వనిది మేఘన ఒక్కతే. దగ్గరికి వచ్చి వంగి చూసింది.

“అత్తమ్మా, గిది కుంకుమ కాదు.”

“కుంకుమనే బిడ్డా. చెమటకు తడిసింది,” అన్నాడు వెంకట్రాం.

చెమట! ఆ మాట వినగానే రుక్మిణిలో ఏదో తెగిపోయింది. కొడుక్కు ఊపిన తల, నలుగురిలో రభస ఎందుకన్న ఓర్పు, అన్నీ ఒక్కసారే పోయాయి. కొత్త చీరె మడత విప్పి, దాని అంచుతోనే నొసలు అద్దుకుని, అందరికీ కనబడేలా పట్టుకుంది.

“నెత్తురు. నేను బాత్రూంల పడలే వదినా. నాకు క్యాన్సర్ అయితె కోసిండ్రు. గా కోసిన కాడ పచ్చబొట్టు పొడిపిచ్చిండ్రు. గిప్పుడు మల్ల పుండు లేచింది. ముక్క కోసి పరీక్ష చెయ్యాలని డాక్టరు చెప్తె, ఈయన గది కనవడకుంట కాల్పిస్తనంటున్నడు.”

“మజాక్ చేస్తున్నది,” అన్నాడు వెంకట్రాం. ఆయన కూడా ఆ మాటను నమ్మలేదు.

గీతాంజలి తన బొటనవేలు వైపు చూసుకుంది. ఎర్రగా తడిగా ఉంది. దాన్ని తన పవిటకు తుడవబోయి ఆగి, పళ్ళెంలోని తమలపాకుకు తుడిచింది. చాలలేదు. సోఫా గుడ్డకు రుద్దింది. ఇంకా చాలలేదు. “సింకు ఎటు దిక్కు?” అని అడిగి, చేయి దూరంగా పట్టుకుని పరుగెత్తినట్టు పోయింది. లోపల నల్లా ధారగా పడుతున్న చప్పుడు ఎంతకీ ఆగలేదు.

“గది అంటుకునేది కాదు వదినా,” అని రుక్మిణి అటువైపు కేకేసి చెప్పింది. చెప్పాక తన మీద తనకే అసహ్యం వేసింది. తన నెత్తురు మంచిదేనని ఎవరినో బతిమాలుకోవలసిన గతి పట్టింది.

గీతాంజలి చేతులు తుడుచుకోకుండానే వచ్చింది. నీళ్ళు కారుతున్నాయి. రుక్మిణిని చూడలేదు, వెంకట్రాంను చూడలేదు. సూటిగా అజిత్ ముందుకు పోయి నిలబడింది.

“గీ సంగతి నీకు ఎరుకేనా?”

అజిత్ మేఘన వైపు చూశాడు. తండ్రి వైపు చూశాడు. తల్లి వైపు మాత్రం చూడలేదు.

“లేదత్తమ్మా,” అన్నాడు. “నాకు గుడ గిప్పుడే తెలుస్తున్నది.”

రుక్మిణి ఆ మాట విన్నది. జాతరలో ఆ మురికి గుడ్డ నొసటికి తగిలినప్పుడు కూడా ఇంత రోత కలగలేదు. వాడెవడో పరాయివాడు. ఆ గుడ్డతో వాడు లోకమంతటినీ తుడుస్తాడు. వీడు తను కక్కింది చేతులతో ఎత్తినవాడు. వీడి మాట కోసమే ఇందాకటి దాకా నోరు కుట్టుకుని కూర్చున్నది.

ఏడుపు వస్తుందేమో అనుకుంది. రాలేదు. లోపలికి పోయి రేపటి కోసం సర్దుకున్న సంచి భుజాన వేసుకుని వచ్చింది.

“ఎటు?” అన్నాడు వెంకట్రాం.

“స్టేషనుకు. రేపటిదాక గీ ఇంట్ల ఉండ.”

“సుట్టాలున్నరు, ఇజ్జత్ తీయకు. గడప దాటినవనుకో, మల్ల రాకు.”

“నువ్వు జనగామ పో. ఏడింటికి బండి చెప్పినవ్ గద? పోయి నీ మొఖానికే పెట్టిపిచ్చుకో లేజరు.”

గట్టమ్మ అయ్యో అయ్యో అంటూ గోడకు చేరగిలబడింది. ఆపడానికి ఎవరూ రుక్మిణి చేయి పట్టుకోలేదు. ముట్టుకోవలసి వస్తుందని భయం. ఆ భయం ఇవాళ ఆమెకు దారి ఇచ్చింది.

రోడ్డు మీద ఎండ నిప్పులు కక్కుతోంది. నొసటికి కొంగు అడ్డం పెట్టుకుని ఆటోను ఆపి, స్టేషనుకని చెప్పి ఎక్కి కూర్చుంది. సాయంత్రం బండికి ఇంకా చాలా పొద్దుంది. ప్లాట్‌ఫారం మీద కూర్చుంటుంది. అక్కడ ఈ మచ్చకు ఎవరికీ ఏ కథా చెప్పనక్కర్లేదు.

“అత్తమ్మా! ఆగుండ్రి!”

మేఘన. చెప్పులు కూడా వేసుకోలేదు. కాలుతున్న నేల మీద కాళ్ళు మార్చుకుంటూ వచ్చి, ఆటోలోకి వంగి, ఆమె చేయి పట్టుకుంది.

“ఒక్క మాట చెప్పుండ్రి. అజిత్‌కు నిజంగ తెల్వదా?”

ఆ పిల్ల భుజం మీదుగా రుక్మిణికి ఇంటి గేటు కనబడుతోంది. గేటు దగ్గర అజిత్ నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ జోడించి, వద్దమ్మా వద్దు అన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నాడు. తెల్వదు బిడ్డా అని ఒక్క మాట అంటే పెళ్ళి నిలబడుతుంది. తన కొడుకు పెళ్ళి. వాడి బారసాల నాడు తను ఎంత మురిసిందో కూడా గుర్తొచ్చింది.

తాను ఈ పిల్ల వయసులో ఉన్నప్పుడు, ఈ ఇంటి గురించి ఎవరైనా తనకు నిజం చెప్పి ఉంటే బాగుండేది అనిపించింది.

“తెలుసు బిడ్డా,” అంది. “నన్ను కోసే గదిలకు తీస్కపోయేదాక నా చెయ్యి పట్టుకున్నది వాడే. కండ్లు తెరిచేటాల్లకు ముంగట ఉన్నది గుడ వాడే.”

మేఘన వెనక్కి తిరిగి చూడలేదు. ఎవరి మొహం చూడాలో ఆ పిల్లకు తెలియనట్టుంది. పట్టుకున్న చేయి మాత్రం అలాగే ఉంది.

ఇంతలో గీతాంజలి గేటు దాటి రోడ్డు మీదికి వచ్చింది. కూతురు ఎక్కడుందో, ఎవరి చేయి పట్టుకుందో చూసింది.

“మేఘనా!” ఆమె కేకకు ఎదురింటి తలుపులు తెరుచుకున్నాయి. “ఇడువు! ఆమెను ముట్టకు!”

ఆటోవాడు వెనక్కి తిరిగి, రుక్మిణి నొసలు చూసి, తన సీటులో కాస్త ముందుకు జరిగాడు.

రుక్మిణి తన మణికట్టు వైపు చూసుకుంది. దాని చుట్టూ ఉన్న మేఘన వేళ్ళు కదిలి, ఇంకాస్త బిగుసుకున్నాయి.